వదినగారి చేప

పరిశోధన కేంద్రం, రేవు వీధి
ఫిబ్రవరి

మరదలు పిల్లా,

దరఖాస్తు పంపేశాను. చివరి పేజీ పూర్తయ్యేసరికి నడుం పట్టేసి, కుర్చీలోంచి లేవడానికి మేస్త్రిని కేకెయ్యాల్సి వచ్చింది. మన పడవ ఇంజను చూసే మేస్త్రే. "పడవ కంటే ముందు మీకే ఆయిలు పొయ్యాలమ్మా" అన్నాడు. నవ్వాను గానీ ఆ మాటలో అబద్ధమేం లేదు.

సంగతి నీకు తెలిసిందే. ఈ ఏడాది చివర్లో మా రేవుకు ఎదురుగా, నడిసముద్రంలో గాలిమరలు కట్టడం మొదలుపెడతారు. ఇంతింత లావు ఇనుప స్తంభాలను సముద్రం అడుగున నేలలోకి దిగ్గొడతారు. కరెంటు కావాల్సిందే, కాదనను. నేనూ ఫ్యాను కిందే కూర్చుని రాస్తున్నాను. కానీ ఆ మోత మొదలయ్యాక చేపలకూ డాల్ఫిన్లకూ ఏమైందో చెప్పాలంటే, అంతకు ముందు సముద్రం ఎలా ఉండేదో ఎవరో ఒకరు విని పెట్టుకోవాలి కదా. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఆ వినే పనికే మీ శాఖ గ్రాంటు ఇస్తానంది. స్తంభాలు దిగేలోపు మూడు చోట్ల నీళ్లలోకి మైకు దించి వింటానని రాశాను. గ్రాంటు రాకపోతే మా పై గదికి తాళం వేసి పడవ అమ్మేస్తారట. మీ అన్నయ్య నడిపిన పడవ. ఇంకెవడో దాంట్లో ఇసుక మోస్తుంటే నేను ఒడ్డున నిలబడి చూడాలి.

దరఖాస్తుకు ప్రాణమంతా మన పలుకుచేపే. గుర్తుందా, నువ్వు వచ్చినప్పుడు హెడ్‌ఫోన్లు పెట్టి వినిపించాను, నీకు బరబర తప్ప ఏమీ వినపడలేదన్నావు. రెండు మోతలు, కాస్త ఆగి ఇంకొకటి. మెత్తగా, దూరం నుంచి వచ్చినట్టు. ఏ పుస్తకంలోనూ లేని జీవి. నాలుగేళ్లు పలికింది, ఆరేళ్లుగా పలకడం లేదు. గాలిమరల సర్వే ఓడలు తిరగడం మొదలయ్యాకే వెళ్లిపోయిందని నా అనుమానం. అదే రాశాను, శబ్దం ముక్క కూడా జతచేశాను.

మీ అన్నయ్య పోయిందీ ఆ ఏడాదే. పడవ పైన మైకు తాడు పట్టుకుని కూర్చునేవాడు, నేను పడవ కింద గదిలో చెవులకు హెడ్‌ఫోన్లతో. మైకు నీళ్లలో ఉన్నంతసేపూ ఎవరూ కిక్కురుమనకూడదు, దగ్గు వచ్చినా మింగాలి. నోట్లో నువ్వుగింజ నానని మనిషి నాకోసం గంటలు గంటలు నోరు మూసుకుని కూర్చున్నాడు. నేను పైకి రాగానే ఆయన మొదటి మాట అదే: "ఏమ్మా, పలికిందా నీ చేప?"

ఫోన్ చెయ్యమంటావు గానీ, ఫోన్లో అయితే ఇద్దరం ఏడుస్తాం. కాగితం మీదైతే ఒకసారి ఒక్కళ్లమే. ఉత్తరం రాయి.

నీ వదిన

*

నిధుల శాఖ, మూడో అంతస్తు
మార్చి

వదినా,

నీ ఉత్తరం చదివి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాను. దరఖాస్తు వేస్తున్నానని ఒక్క మాట ముందే చెప్పొద్దూ? అది మా గదికే వచ్చింది. పైన నీ పేరు చూడగానే వెళ్లి మా పై అధికారికి చెప్పాను, "ఈవిడ మా వదిన" అని. ఆయన కళ్లజోడు తీసి, "సొంత వదినా?" అన్నాడు. "సొంత వదినే, అద్దెకు తెచ్చుకోలేదు" అన్నాను. నవ్వలేదు మహానుభావుడు.

రూలు ఏమిటంటే, చుట్టాల దరఖాస్తు వస్తే ఆ ఫైలు నేను ముట్టుకోకూడదు. కమిటీలో దాని వంతు వచ్చినప్పుడు లేచి బయటికి పోవాలి. ఫలితం వచ్చేదాకా దాని గురించి నీతో ఒక్క ముక్క మాట్లాడకూడదు. రాయకూడదు కూడా. కనుక ఈ ఉత్తరంతో ఆ విషయానికి సెలవు. నువ్వు కూడా ఎత్తకు. ఈ ఉద్యోగం ఎంత కష్టపడి తెచ్చుకున్నానో నీకు తెలుసు, మొదటి రోజు ఈ కుర్చీలో నన్ను కూర్చోబెట్టి వెళ్లింది అన్నయ్యే. గేటు దగ్గర కాపలావాడితో, "లోపల ఉంది మా చెల్లెలు, జాగ్రత్తగా చూసుకోండి" అని చెప్పి వెళ్లాడట. ఇప్పటికీ ఆ కాపలా తాత నన్ను చూస్తే లేచి నిలబడతాడు.

చేపలు, మరలు తప్ప ఇంకేమైనా రాయి. మేస్త్రి పిల్ల చదువు ఎలా ఉంది? నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఆడపడుచు అర్ధమొగుడు అంటారు కదా, అడిగే హక్కు నాకుంది.

నీ అర్ధమొగుడు

*

పరిశోధన కేంద్రం, రేవు వీధి
ఏప్రిల్

అర్ధమొగుడు గారికి,

తమరి ఆజ్ఞ ప్రకారం ఆ విషయం ఎత్తను. మోకాళ్లు మెట్లెక్కేటప్పుడు తిడుతున్నాయి, దిగేటప్పుడు శాపాలు పెడుతున్నాయి. మేస్త్రి పిల్ల పరీక్ష పాసైంది. మేస్త్రి ఆ సంతోషంలో పడవకు రంగు వేశాడు. నేను చూసేసరికి మీ అన్నయ్య కూర్చునే చోట ఇనుప కమ్మీ మీద అరిగిన మచ్చ కూడా కప్పేశాడు. లోపలికి వెళ్లి టీ పెట్టుకున్నాను, తాగలేదు.

పై గది అలాగే ఉంది. ఆయన కోటు తలుపు వెనక చిలక్కొయ్యకే ఉంది. ఉతికించమని నువ్వు పోరావు, నేను ఉతికించలేదు. జేబులో ఇంకా సగం పెన్సిలూ, తాడు ముక్కా ఉన్నాయి. చేతికున్న ఉంగరం మాత్రం నేనే తీసి పెట్టుకున్నాను. నా వేలికి వదులు, బొటనవేలికి పెట్టుకుంటున్నాను.

ఒక్కోసారి పాత రికార్డింగులు పెట్టుకుంటాను. ఇది ఆ విషయం కాదు, నా సొంత విషయం. ఆ చేప పలికినప్పుడల్లా పైన ఆయన కూర్చుని ఉన్నాడని గుర్తొస్తుంది. అది ఎక్కడో బతికే ఉంటుందనీ, మళ్లీ వస్తుందనీ అనుకుంటే మనసు కుదుటపడుతుంది. పిచ్చి అనుకో.

వదిన

*

నిధుల శాఖ, మూడో అంతస్తు
మే

వదినా,

ఈసారి మా ఇంటి కబురు ఒకటి రాస్తాను. నీకు ఎప్పుడూ చెప్పినట్టు లేదు.

చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మధ్యాహ్నం భోజనం కాగానే అమ్మ మమ్మల్ని పడుకోబెట్టేది. ఒకే గదిలో ఉంటే కొట్టుకు చస్తామని అన్నయ్యను ముందు గదిలో, నన్ను వెనక గదిలో. నిద్ర ఎవరికొస్తుంది? మధ్యలో ఒక్క గోడ. అన్నయ్య దగ్గర ఒక గోళీ ఉండేది. దాంతో గోడ మీద కొట్టేవాడు. రెండుసార్లు కొట్టి, కాస్త ఆగి, ఇంకొకసారి. అంటే "ఉన్నావా?" అని. మెలకువగా ఉన్నావా అని. నేను వేలి కణుపుతో ఒక్కసారి కొట్టాలి. "ఉన్నా" అని. అంతే, ఇంకేం మాటలు లేవు. ఆ ఒక్క మాటతోనే మధ్యాహ్నం గడిచిపోయేది.

నేను కావాలని ఉడికించేదాన్ని, జవాబివ్వకుండా చెవి గోడకు ఆనించి ఊరుకునేదాన్ని. అన్నయ్య విసుగనేది లేకుండా కొడుతూనే ఉండేవాడు. గోడలోంచి వచ్చే ఆ చప్పుడు, గోళీ చప్పుడులా ఉండదు వదినా. మెత్తగా, దూరం నుంచి వచ్చినట్టు ఉంటుంది. పెద్దయ్యాక కూడా ఏమీ తోచకపోతే ఆయన వేళ్లు వాటంతటవే అలా కొట్టేవి, బల్ల మీద, తలుపు మీద. నువ్వు చూసే ఉంటావు. కానీ నీకు ఎప్పుడూ ఎదురుగా ఉండే కొట్టాడు, గోడ అవతల నుంచి కాదు.

ఒక పని చెయ్యి. మేస్త్రిని పక్క గదిలో నిలబెట్టి గోడ మీద అలా కొట్టమను. నువ్వు ఇవతల చెవి ఆనించి, కళ్లు మూసుకుని విను. నవ్వకు, ఎందుకని అడక్కు. నా కోసం చెయ్యి.

నీ మరదలు

*

పరిశోధన కేంద్రం, రేవు వీధి
మే

మరదలు పిల్లా,

నీ ఉత్తరం ఎంత బాగుంది! అమ్మకు తెలియకుండా ఇద్దరు దొంగలు గోడకు అటూ ఇటూ, కళ్లకు కట్టినట్టు కనపడింది. ఆయన ఇవన్నీ నాకెందుకు చెప్పలేదో. నీకు ఉన్నట్టుండి ఈ బాల్యం ఎందుకు పొంగుకొచ్చిందో కూడా తెలియలేదు. వయసు మీద పడుతోందేమో చూసుకో. నువ్వు చెప్పిన ఆట రేపు ఆడతాను, మేస్త్రి ఇవాళ పెళ్లికి వెళ్లాడు.

ఇక్కడిదాకా నిన్న రాశాను. ఇవాళ మిగతాది రాస్తున్నాను.

మేస్త్రిని సామాన్ల గదిలో నిలబెట్టాను. "ఏంటమ్మా ఇది, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు" అంటూనే ఉన్నాడు. ఇవతల చెవి ఆనించాను. రెండుసార్లు కొట్టాడు, ఆగాడు, ఒకసారి కొట్టాడు.

నా చేప పలికింది.

మళ్లీ కొట్టమన్నాను. మళ్లీ పలికింది. తర్వాత పైకెళ్లి పాత రికార్డులన్నీ తీసి చూశాను. ఆయన పడవలో ఉన్న రోజుల్లోనే చేప పలికింది. జ్వరమొచ్చి ఆయన ఇంట్లో పడుకుంటే మేస్త్రి పడవ నడిపిన రోజులున్నాయి కదా, ఆ రోజుల్లో ఒక్కసారి కూడా పలకలేదు. దానికి నేను గాలివాటం కారణమని రాశాను. నీళ్ల చల్లదనం కారణమని రాశాను. ఇంత చదివి, ఇన్ని కారణాలు వెతికి, పైన కూర్చున్న మనిషి ఉంగరం వేలితో ఇనుప కమ్మీ మీద కొడుతున్నాడన్న ఒక్కటీ తోచలేదు. ఇనుప పడవ, చప్పుడంతా నీళ్లలోకే పోతుంది. కిక్కురుమనకూడదని చెప్పానుగా, నోరు మూసుకున్నాడు, మాట వినే మనిషే కదా!

నీకు తెలిసే రాశావు. ఎలా తెలిసిందో నాకు తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. ఆయన పోయినప్పుడు నాకు ఆ చేప ఒకటి మిగిలిందనుకున్నాను. ఇద్దరం కలిసి కనుక్కున్నదని. అది ఎప్పటికైనా తిరిగొస్తుందని ఆరేళ్లుగా మైకు దించి కూర్చుంటున్నాను. ఇప్పుడు తెలిసింది, అది తిరిగి రాదు. ఆయన ఒకసారి పోయాడు, నీ ఉత్తరంతో రెండోసారి పోయాడు. దాంతో పాటు గ్రాంటు, గది, పడవ. నువ్వు ఊరుకుంటే ఏం పోయేది?

వదిన

*

నిధుల శాఖ, మూడో అంతస్తు
జూన్

వదినా,

తిట్టు. నాకు తగినదే. కానీ విను.

కమిటీ కూర్చున్న రోజు నీ వంతు రాగానే రూలు ప్రకారం లేచి పక్క గదిలోకి వెళ్లాను. పాత కుర్చీలూ, పాడైపోయిన ఫ్యాన్లూ పడేసే గది. గోడకు వీపు ఆనించి కూర్చున్నాను. అవతల నువ్వు పంపిన శబ్దం పెట్టారు. గోడలకు చెవులుంటాయంటారు, ఆ రోజు గోడకు ఉన్నది నా చెవే. హెడ్‌ఫోన్లలో నాకు వినపడనిది గోడలోంచి వినపడింది. రెండు. ఆగి, ఒకటి. ఆరేళ్ల తర్వాత అన్నయ్య నన్ను పిలిచాడు, వదినా. నా వేలు దానంతటదే లేచింది, గోడ మీద కొట్టబోయి ఆపుకున్నాను. కొట్టి ఉంటే కమిటీ వాళ్లు జడుసుకునేవారు.

తర్వాత లోపలికి పిలిచారు. అందరూ నీ చేప గురించే మాట్లాడుకుంటున్నారు. ఎంత అద్భుతం, ఓడల వల్లే పోయిందంటే ఎంత పెద్ద మాట అని. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. వాళ్లకు చెబితే నిన్ను పట్టిచ్చినదాన్ని అవుతాను. నీకు చెబితే ఉద్యోగానికి ద్రోహం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఊరుకుందామనే అనుకున్నాను, వారం రోజులు ఊరుకున్నాను కూడా. అన్నం సయించలేదు. రేపు ఇంకెవరో పెద్ద యంత్రాలతో వచ్చి అది మనిషి చప్పుడని తేలిస్తే, నీ మిగతా రికార్డులన్నీ అబద్ధమని కొట్టిపారేస్తారు. నువ్వు విన్న రొయ్యల చిటపటలు, డాల్ఫిన్ల ఈలలు, అన్నీ. సముద్రం తరఫున మాట్లాడడానికి నువ్వు తప్ప అక్కడ ఎవరూ లేరు.

నేను దరఖాస్తు గురించి ఒక్క ముక్క రాయలేదు. మా అన్నయ్య గురించి రాశాను. అన్నయ్య గురించి రాయకూడదని ఏ రూలులోనూ లేదు, మూడుసార్లు చదివాను.

ఇప్పుడు దీన్ని రాయడం మాత్రం రూలు తప్పడమే. రేపు మా అధికారికి వెళ్లి చెప్పేస్తాను, ఏం చేస్తారో చెయ్యనీ.

నాకెందుకో అన్నయ్య కావాలనే చేశాడనిపిస్తోంది. "పలికిందా నీ చేప" అని అడిగి లోపల్లోపల నవ్వుకుని ఉంటాడు.

మరదలు

*

పరిశోధన కేంద్రం, రేవు వీధి
జూన్

మరదలు పిల్లా,

కోపం పది రోజులు మొయ్యగలిగాను, ఆ పైన బరువైంది. నువ్వు కాకపోతే ఆ మాట నాకు ఎవరు చెబుతారు?

మీ శాఖకు నిన్న ఉత్తరం పంపాను. పలుకుచేప అనేది లేదు, అది మా పడవ నడిపిన మనిషి చేసిన చప్పుడు, సర్వే ఓడల మీద నేను వేసిన నింద తప్పు, మిగతా రికార్డులు మాత్రం ఎవరు వచ్చి తనిఖీ చేసినా సరే అని. అది పోస్టు చేసి వచ్చాక ఆకలేసింది. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

కావాలని చేశాడంటే నేను ఒప్పుకోను. ఆయన వేళ్లకు ఆయన అదుపులో ఉండే అలవాటు లేదు. నాకు చేప దొరికిందని నిజంగానే సంబరపడ్డాడు. ఆ రోజు రేవులో అందరికీ టీ తాగించాడు. నువ్వు అల్లరి అన్నయ్యను చూశావు, నేను నా మాట వినే మొగుణ్ణి చూశాను. ఎవరికి వాళ్లం ఉంచుకుందాం.

నీ ఉద్యోగం ఏమైంది? అది రాయి ముందు.

వదిన

*

నిధుల శాఖ, కింద అంతస్తు
జూలై

వదినా,

ఫలితం నీకు ఆఫీసు నుంచి అందే ఉంటుంది, కనుక ఇప్పుడు రాయొచ్చు. మూడు చోట్లకు బదులు ఒక్క చోటికే ఇచ్చారు. స్తంభాలు దిగ్గొట్టే రోజు దాకా. ఈ ఏడాదికి పడవ అమ్మరు, పై గదికి తాళం పడదు. ఆ తర్వాత సంగతి తెలీదు.

ఎలా ఇచ్చారో, ఎవరేమన్నారో నాకు తెలియదు. మళ్లీ ఆ విరిగిన కుర్చీల గదిలోనే కూర్చున్నాను. ఈసారి శబ్దం పెట్టలేదు, నీ ఉత్తరం చదివారట. ఒకసారి అందరూ నవ్వారు, నాకు ఒళ్లు మండింది. ఆ తర్వాత ఎవరో మళ్లీ మొదటి నుంచి చదవమన్నారు. అంతవరకే తెలుసు.

నాకు గట్టిగా చీవాట్లు పడ్డాయి, కమిటీ పని నుంచి తప్పించారు. ఇప్పుడు కింద అంతస్తులో జీతాల బిల్లులు చూస్తున్నాను. కాపలా తాతకు దగ్గరయ్యాను, ఆయనకు సంతోషంగా ఉంది. బాధ లేదని అబద్ధం చెప్పను. కానీ పశ్చాత్తాపం లేదు.

చివరిరోజు మైకు దించేటప్పుడు రావాలని ఉంది. సెలవు అడిగే మొహం లేదు.

నీ అర్ధమొగుడు

*

పడవలో
నవంబరు

మరదలు పిల్లా,

పడవ ఊగుతోంది, అక్షరాలు వంకర పోతే నన్ననకు. రేపటి నుంచి ఇటువైపు ఎవరినీ రానివ్వరు. దూరంగా స్తంభాలు మోసే ఓడ వచ్చి నిలబడింది, మేడంత ఉంది. మేస్త్రి దాన్ని చూసి నమస్కారం పెట్టాడు, ఎందుకో ఆయనకే తెలియదు.

ఈ మూడు నెలలూ బాగా విన్నాను. రొయ్యలు, డాల్ఫిన్లు, ఇసుక కదలడం, వాన నీటి మీద పడడం. గొప్ప వింతలేం లేవు. ఉన్నదంతా ఉన్నట్టు రాశాను. రేపు ఎవరైనా ఇక్కడ ముందు ఎలా ఉండేదని అడిగితే, ఇలా ఉండేదని చెప్పడానికి ఒక చోటైనా ఉంది.

పాత రికార్డులు కూడా దిద్దాను. చప్పుడు ఎక్కడిదో రాసే గడి ఒకటి ఉంటుంది. అందులో "గుర్తు తెలియని జీవి" అని ఉన్నచోటల్లా కొట్టేసి "పడవ నడిపిన మనిషి" అని రాసుకుంటూ పోయాను. రాస్తుంటే లెక్క తెలిసింది, నాలుగేళ్లలో ఎన్నిసార్లు అడిగాడో. ఉన్నావా, ఉన్నావా అని. పైన ఆయన, కింద నేను, మధ్యలో ఒక ఇనుప రేకు. ఒక్కసారీ జవాబివ్వలేదు. నువ్వు ఉడికించడానికి ఊరుకున్నావు, నేను చేపనుకుని ఊరుకున్నాను. ఆయన మాత్రం విసుక్కోలేదు.

ఇవాళ సాయంత్రం కొలత పూర్తయింది. మేస్త్రి మైకు పైకి లాగబోతే ఆగమన్నాను. కింద గదిలోంచి పైకి వచ్చి ఆయన కూర్చునే చోట కూర్చున్నాను. మోకాళ్లు తిట్టాయి. బొటనవేలికున్న ఉంగరంతో ఆ ఇనుప కమ్మీ మీద కొట్టాను. ఒక్కసారే.

మేస్త్రి నోరు తెరిచాడు. "మైకు నీళ్లలోనే ఉందమ్మా, రికార్డవుతుంది" అన్నాడు. "అవనీ" అన్నాను.

ఆ చప్పుడుకూ గడి నింపాలి కదా. "భార్య" అని రాశాను.

నీ వదిన